రెండో వైపు వినని పాటలు

పేరు వద్దన్న ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 53 ఏళ్లు. ఇంట్లో ఒక గోడ పొడవునా పాటలే: 140 ఎల్‌పీ రికార్డులు, 95 క్యాసెట్లు, 120 సీడీలు. చాలావరకు తను ఏళ్ల తరబడి కొనుక్కున్నవి. క్యాసెట్లలో మాత్రం 38 అన్నయ్యవి. ఆయన పోయాక ఆ పెట్టె ఈమె దగ్గరికి వచ్చింది. వాటిలో 21 ఆయన స్వయంగా రికార్డు చేసుకున్నవి, అట్టల మీద పాటల పేర్లు ఆయన చేతిరాతలో ఉన్నాయి.

"ఇన్ని ఉన్నా నేను వినేది పదో పన్నెండో. మిగతావాటి వైపు చూస్తే ఏదో తప్పు చేసినట్టే ఉంటుంది" అంటారామె. ఒకసారి పట్టుబట్టి పై అర మొదటి నుంచి వరసగా వినడం మొదలుపెడితే ఏడో ఆల్బమ్ దగ్గర ఆగిపోయింది. పాట మొదలై నిమిషం కాకుండానే చెయ్యి ఫోన్ మీదికి పోతోందట. ఈలోగా పాత ప్లేయర్లో ఒక క్యాసెట్ పెడితే టేపు లోపల చుట్టుకుపోయింది. అది తను కొనుక్కున్నదే గానీ, ఆ రోజు నుంచి అన్నయ్య పెట్టె ముట్టుకోవాలంటే భయం. భయం ఒక్కటే కాదు, ఆయన గొంతు వినబడితే తట్టుకోగలనా అన్నది ఇంకో సంగతి. పాటకీ పాటకీ మధ్య ఆయన మాట్లాడేవారట. కూతురు "అన్నీ ఫోన్లో దొరుకుతాయి కదమ్మా" అంటుంది. భర్త "మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించి ఇవి ఎవరికైనా ఇచ్చేద్దాం" అంటారు. ఏం చేయమంటారు, మళ్లీ వినడం ఎలా మొదలుపెట్టమంటారు అని ఆమె ప్రశ్న.

*

ముందు మీ మీద మీరు వేసుకున్న నింద సంగతి చూద్దాం. ఎల్‌పీకి 40 నిమిషాలు, క్యాసెట్‌కి, సీడీకి గంట చొప్పున వేసుకున్నా మీ గోడ మీద 300 గంటలకు పైగా సంగీతం ఉంది. రోజుకో గంట, ఒక్కరోజు కూడా మానకుండా కూర్చున్నా, ఒక్కొక్కటి ఒక్కసారి వినడానికే పది నెలలు దాటుతుంది. కాబట్టి ఏడో ఆల్బమ్ దగ్గర ఆగిపోవడం మీ బద్ధకం వల్ల కాదు. వరసగా వినాలన్న పద్ధతే మనిషిని అలా ఆపేస్తుంది. నాలుగో రోజుకే అది వినడంలా ఉండదు, బాకీ తీర్చడంలా ఉంటుంది.

ఇంకో మాట. మీరు వినకుండా వదిలేసిన పాటలన్నీ మీకు నచ్చక వదిలేసినవి కావు. ఏ ఇంట్లో చూసినా వినని పాటలు దాదాపు ఒకే చోట ఉంటాయి: ఎల్‌పీలో రెండో వైపు, అందులోనూ లేబుల్‌కి దగ్గరగా ఉన్న చివరి పాట, క్యాసెట్‌లో బి వైపు నడిమధ్య, సీడీలో ఎనిమిదో పాట తర్వాతవి. దీనికి కారణం మీ అభిరుచి కన్నా ఎక్కువగా ఆ వస్తువుల తయారీలోనే ఉంది.

ఎల్‌పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది. అంచు దగ్గర ఒక్కో చుట్టూ పెద్దది, లేబుల్ దగ్గర చిన్నది, తిరిగే వేగం మాత్రం మారదు. అందుకే అంచున సూది కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల గాడి జరిగితే, చివరి పాటకు వచ్చేసరికి అది 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అంతే సంగీతాన్ని సగం కన్నా తక్కువ జాగాలో కుక్కాలి. సూది అరిగి ఉంటే గాడిలోని ఆ ఇరుకు మెలికల్ని పట్టుకోలేదు. గాయని "స", "ష" పలికిన చోటల్లా ఉమ్మి తుంపర పడ్డట్టు బరబరలాడుతుంది. మనకేమో "ఈ పాట ఎందుకో బాలేదు" అనిపిస్తుంది. బాలేనిది సూది. అలా తీర్పు పడిపోయిన పాటలు మీ 140 రికార్డుల్లో ఎన్ని ఉన్నాయో సూది మార్చి వింటే గానీ తెలియదు.

క్యాసెట్‌లో మధ్య పాట కావాలంటే టేపు తిప్పుతూ ఆపుతూ వెతుక్కోవాలి, అంత ఓపిక ఎవరికుంటుంది? సీడీలో 74 నిమిషాల దాకా పట్టడంతో ఆల్బమ్‌లు పొడుగయ్యాయి. చెవి మాత్రం నలభై నిమిషాలకు అలిసిపోతుంది.

అందుకని నా సూచన: ఈసారి ఎల్‌పీలను రెండో వైపు నుంచి, సీడీలను సగం నుంచి మొదలుపెట్టండి. ఒక కూర్చోబాటుకి ఎల్‌పీ ఒక వైపు చాలు, ఇరవై నిమిషాలు. మీ దగ్గర ఎప్పటి నుంచో ఉన్న ఆల్బమే అయినా ఆ పాటలు కొత్తగా వినబడతాయి.

మొత్తం గోడను మరిచిపోయి 12 ఆల్బమ్‌లు తీయండి. ఒక్క పాట కోసం కొని మిగతావి వదిలేసినవి నాలుగు. అట్ట చూసినా ఒక్క బాణీ కూడా నోటికి రానివి నాలుగు. ఒకప్పుడు బాగా విని, ఏళ్లుగా ముట్టుకోనివి నాలుగు. వీటిని గోడ అరల్లో పెట్టకుండా ప్లేయర్ పక్కనే నిలబెట్టండి. వెతుక్కోవాల్సి వస్తే చెయ్యి మళ్లీ ఆ పాత పదింటి మీదికే పోతుంది.

ఒక్కోదానికి మూడు వినికిళ్లు ఇవ్వండి, ఒకేరోజు కాకుండా మూడు నాలుగు రోజుల ఎడంతో. మొదటిసారి ఏమీ అనుకోవద్దు. పరిచయం పెరిగే కొద్దీ ఇష్టం పెరుగుతుందని 1968లో రాబర్ట్ జాయన్స్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. ఆయన వాడినవి అర్థం తెలియని మాటలు, అక్షరాలు, మనుషుల ఫొటోలు. ఎక్కువసార్లు కంటపడ్డవే జనానికి ఎక్కువ నచ్చాయి. సంగీతంలోనూ ఇది కనబడుతుంది. మీకు ఇష్టమైన పదీ అంత ఇష్టం కావడానికి వాటిని వందసార్లు వినడం కూడా ఒక కారణమే. మిగతా 340కి ఆ అవకాశం రాలేదు. అయితే మొదటిసారే చిరాకు పుట్టించినది మూడోసారికి ముద్దొస్తుందని చెప్పను. అలాంటప్పుడు మధ్యలో తీసేయండి, మొహమాటం అక్కర్లేదు. మూడు వినికిళ్లూ దక్కాల్సింది "పరవాలేదు" అనిపించినవాటికి. అసలు ఆశ్చర్యాలు అక్కడి నుంచే వస్తాయి.

ఫోన్ పక్క గదిలో పెట్టండి. అట్ట చేతిలో ఉంచుకుని, వెనక ఉన్న వాద్యకారుల పేర్లు చదవండి. ఎవరి వయొలిన్, ఎవరి తబలా అని తెలిశాక అదే పేరు మీ గోడ మీద ఇంకో మూడు ఆల్బమ్‌లలో కనిపించవచ్చు. తర్వాత ఏది వినాలో అదే చెబుతుంది. ప్రతి అట్టలో ఒక చిన్న చీటీ పెట్టి విన్న తేదీ, పట్టుకున్న ఒక్క పాట రాయండి. మార్కులు మాత్రం వేయకండి.

ఇవన్నీ పరికరాలు సరిగా ఉంటేనే. రికార్డు ప్లేయర్ సూది సాధారణంగా 500 నుంచి 1,000 గంటలు వస్తుంది. మీది ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చే సమయం దాటిందనే అనుకోండి. అరిగిన సూది పాటను చెడగొట్టడమే కాదు, గాడిని కూడా గీకేస్తుంది, ఆ నష్టం తిరిగి రాదు. కొత్త సూది వేశాక టోన్ ఆర్మ్ (సూదిని మోసే చేయి) బరువు ఆ కార్ట్రిడ్జ్‌కి (సూది అమరే చిన్న డబ్బీకి) తయారీదారు చెప్పినంతే పెట్టండి. చాలావాటికి అది 1.5 నుంచి 2 గ్రాముల మధ్య ఉంటుంది. తక్కువ పెడితే రికార్డుకి మంచిదనుకుంటారు, అది పొరపాటు. బరువు చాలని సూది గాడిలో ఎగిరెగిరి పడి గోడల్ని దెబ్బతీస్తుంది. ప్రతిసారీ ముందు కార్బన్ ఫైబర్ బ్రష్‌తో దుమ్ము తీయండి. మురికి పట్టినవాటిని డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు ద్రవం వేసి, మెత్తని గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ కడిగి, నీడన ఆరబెట్టండి. లేబుల్ తడవకూడదు.

సీడీలు దీనికి తిరగబడి. లోపలి నుంచి బయటికి నేరుగా తుడవాలి, గుండ్రంగా కాదు. గుండ్రంగా పడ్డ గీత డేటా వెంటే పోతుంది కాబట్టి ప్లేయర్ దాన్ని సరిదిద్దుకోలేదు. పేరు అచ్చు వేసిన వైపు గీత పడితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే మెరిసే పొర ఆ పక్కన పల్చటి లక్క కిందే ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్ మీద రాసిన సీడీలు ఉంటే వాటి కాపీ ముందు తీసుకోండి. వాటిలోని రంగు పొర వెలుతురుకి, వేడికి చెడిపోతుంది.

ఇప్పుడు అన్నయ్య పెట్టె.

ఒక విషయం మీకు ఊరటనిస్తుందనుకుంటాను. ఆ 21 క్యాసెట్లను కాపాడటానికి మీరు వాటిని వినాల్సిన అవసరం లేదు. కాపీ తీయడం వేరు, వినడం వేరు. ఈ రెండూ ఒకే రోజు చేయాలనుకోవడం వల్లే పెట్టె మూత తెరుచుకోవడం లేదు. ప్లేయర్ నుంచి లైన్ అవుట్ (శబ్దాన్ని బయటికి పంపే రంధ్రం) ద్వారా కంప్యూటర్‌కి కలిపి స్పీకర్ మూసేస్తే తెర మీద పచ్చ గీతలు కదులుతుంటాయి, గదిలో చప్పుడు ఉండదు. రికార్డింగ్ సరిగా వస్తోందా అని చూడటానికి మొదట రెండు నిమిషాలు, మధ్యలో ఒక నిమిషం ఎవరైనా వినాలి. ఆ పని మీ అమ్మాయికి అప్పగించండి. ఫోన్లో అన్నీ దొరుకుతాయన్న పిల్లకు, ఎక్కడా దొరకనిది ఏదో కూడా అప్పుడు తెలుస్తుంది. మీరు వినడం ఈ ఏడాదో, ఐదేళ్లకో, మీ ఇష్టం. ఫైలు ఎదురుచూడగలదు, టేపు అంతకాలం చూడలేదు.

టేపును మింగిన ప్లేయర్లో మాత్రం వీటిని పెట్టవద్దు. టేపు చుట్టుకుపోవడానికి సాధారణంగా రెండు కారణాలు. టేపును చదివే హెడ్ పక్కనున్న రబ్బరు రోలర్ గట్టిపడో జిడ్డెక్కో టేపును తనకు అంటించుకోవడం ఒకటి. లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి, వచ్చిన టేపును రీలు చుట్టుకోలేకపోవడం రెండోది. మొదటిదైతే శుభ్రం చేస్తే సరిపోవచ్చు: హెడ్‌నీ, సన్నటి ఇనుప ఇరుసునీ 90 శాతానికి పైబడ్డ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో, రబ్బరు రోలర్‌ని సబ్బు నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. దూది మీద గోధుమరంగు రావడం ఆగేదాకా తుడవండి. రెండోదైతే బెల్టు మార్పించాలి, లేదా బాగున్న ప్లేయర్ తెచ్చుకోవాలి. ఏదైనా సరే, పోయినా బాధపడని క్యాసెట్ ఒకటి రెండు వైపులా పూర్తిగా ఆడించి చూశాకే అన్నయ్య క్యాసెట్ దగ్గరికి రండి.

క్యాసెట్ చేతిలోకి తీసుకోగానే మొదటి పని: వెన్ను వైపు చివర్లలో ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచి ఉన్నాయా చూడటం. లేకపోతే ఇప్పుడే విరిచేయండి. అవి ఉన్నంతకాలం పొరపాటున ఎర్ర బటన్ నొక్కితే ఆయన గొంతు మీద కొత్త రికార్డింగ్ ఎక్కిపోతుంది. విరిస్తే ఆ బటన్ దిగదు.

తర్వాత టేపు కనబడే వైపు వెలుతురుకి పట్టి మధ్య కిటికీలోకి చూడండి. సన్నటి రాగి రంగు పట్టీ మీద, పెసరగింజ కన్నా కొంచెం పెద్దది, ఫెల్ట్ ముక్క అంటించి ఉంటుంది. టేపును హెడ్‌కి అదిమి పెట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండిపోయి అది ఊడిపడుతుంది, ముక్క లోపల ఎక్కడో గిలకలాడుతుంది. అలా ఆడిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వస్తూ పోతూ ఉంటుంది. టేపు పాడైందని చాలామంది పారేసేది ఇక్కడే. పాడైంది డబ్బా మాత్రమే. ఐదు మరలతో బిగించే ఖాళీ డబ్బా ఒకటి తీసుకుని, రెండు రీళ్లనూ టేపుతో సహా జాగ్రత్తగా అందులోకి మార్చవచ్చు. టేపు ఎటు నుంచి ఏ చక్రం మీదుగా పోతోందో విప్పకముందే ఫొటో తీసుకోండి. టేపు తెగితే మామూలు అతుకు టేపు వాడవద్దు. దాని జిగురు బయటికి పాకి పక్క చుట్లను కూడా అంటించేస్తుంది. క్యాసెట్ల కోసమే చేసిన స్ప్లైసింగ్ టేపు ఉంటుంది, దాన్ని వెనక వైపున వేయాలి. టేపు చుట్ల అంచుల మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆడించనే వద్దు. అది ప్లేయర్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్‌కి పాకుతుంది. వాటిని విడిగా పెట్టి, టేపులు బాగుచేసేవారికి ఇవ్వండి.

ఏళ్లుగా కదలని టేపును ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ వెనక్కి తిప్పితే బిగుసుకున్న చుట్లు వదులవుతాయి. 90 నిమిషాల టేపు పల్చన, 120 నిమిషాలది మరీ పల్చన. వాటిని వేగంగా తిప్పకుండా చక్రంలో పెన్సిల్ పెట్టి చేత్తో తిప్పితే మంచిది.

ఆడించినప్పుడు శబ్దం మందంగా, గోడ అవతల నుంచి వస్తున్నట్టు ఉంటే టేపును అనుమానించకండి. అన్నయ్య రికార్డు చేసిన యంత్రంలో హెడ్ ఏ వాలులో ఉందో మీ ప్లేయర్లో అదే వాలులో ఉండకపోవచ్చు. హెడ్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది. దాని మొదటి స్థానం గుర్తు పెట్టుకుని, పావు చుట్టుకు మించకుండా మెల్లగా తిప్పుతూ వింటే ఒక చోట మాట ఒక్కసారిగా విచ్చుకుంటుంది. అక్కడ ఆపాలి. టేపు గరగర తగ్గించే డాల్బీ మీట కూడా చూడండి: ఆయన డాల్బీ లేకుండా చేసినది డాల్బీ వేసి ఆడిస్తే పైస్వరాలు మసకబారతాయి.

కంప్యూటర్లో 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ డబ్ల్యూఏవీ (శబ్దాన్ని కుదించకుండా దాచే) ఫైలుగా తీసుకోండి. గంటకు సుమారు ఒక జీబీ అవుతుంది. శబ్దం పెద్దదైన చోట కూడా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి, అది సున్నా దాటి శబ్దం పగిలితే మళ్లీ అతకదు. గరగర తీసేసే ప్రోగ్రాములు ఈ అసలు ఫైలు మీద వాడవద్దు, కావాలంటే ఇంకో కాపీ మీద వాడుకోండి. పాటల మధ్య ఖాళీలు కత్తిరించవద్దు. బటన్ టక్కుమన్న చప్పుడు, దగ్గు, "ఇది విను" అన్న మాట ఉండేది అక్కడే. ఆదివారానికి రెండు చొప్పున చేస్తే 11 వారాల్లో 21 పూర్తవుతాయి. ఫైళ్లు మూడు చోట్ల ఉంచండి: కంప్యూటర్లో, విడి హార్డ్ డిస్క్‌లో, మూడోది మీ ఇంట్లో కాకుండా వేరే చోట.

ఇక మీవారి మాట, అమ్మాయి మాట. రెండింట్లోనూ కొంత నిజం ఉంది.

మొత్తం కంప్యూటర్లోకి ఎక్కించడం జరగని పనేమీ కాదు, కాకపోతే ఖర్చయ్యే కాలం తెలిసి దిగండి. సీడీ పావుగంటలోపే అయిపోతుంది, ఎఫ్‌ఎల్‌ఏసీ ఫైలుగా తీసుకుంటే నాణ్యత ఏమీ తగ్గదు. ఎల్‌పీ, క్యాసెట్ మాత్రం ఎంతసేపు ఆడితే అంతసేపు పడుతుంది. అవే 190 గంటలకు దగ్గర. పైగా అలా ఎక్కించిన 355 ఆల్బమ్‌లు ఒక ఫోల్డర్లో పడుంటే ఇప్పటి గోడకన్నా తొందరగా మరుగున పడతాయి. గోడ కనీసం ఎదురుగా కనబడుతుంది.

ఫోన్లో దొరికేవాటికి ఫోన్ చాలు అనుకుంటే, ఇచ్చేసే ముందు ఒక్కోటీ వెతికి చూడండి. ఆల్బమ్ ఉన్నా అన్ని పాటలూ ఉన్నాయా, వరస అదేనా, తర్వాత శబ్దం పెంచి మళ్లీ తయారుచేసిన కాపీయా అన్నది చూడాలి. పైగా ఈరోజు ఉన్నది హక్కులు మారితే రేపు ఉండకపోవచ్చు. ఇవన్నీ సరిపోయి, మూడు వినికిళ్ల తర్వాత కూడా మీ మనసుకు పట్టని సీడీని వినేవాళ్లకు ఇచ్చేయడంలో తప్పు లేదు. గోడ మీద చోటు అలా మెల్లగా వస్తుంది.

అన్నీ ఉంచుకుంటానంటే అదీ సబబే. కానీ 140 ఎల్‌పీలు అట్టలతో కలిపి 35 కిలోల పైమాటే, అర ఆ బరువు మోయాలి. నిటారుగా నిలబెట్టాలి, వాలితే వంగుతాయి, ఒకదానిమీద ఒకటి పేరిస్తే కిందివి నలుగుతాయి. ఎండ తగలకూడదు.

నా మొగ్గు మాత్రం ఇలా ఉంది: ముందు ఆ 21 కాపీ చేయించడం, అదే కాలంలో మీరు ఆ 12 వినడం, ఇచ్చేయాలా ఉంచాలా అన్నది ఈ రెండూ అయ్యేదాకా ఎత్తకపోవడం. సగం మరిచిపోయిన ఆల్బమ్‌ను వినకుండా ఇచ్చేస్తే ఏం పోయిందో కూడా తెలియదు.

ఆ 21లో మొదట దేన్ని తీయాలన్నది కూడా చూసుకోండి. అన్నయ్య మాట ఎక్కువగా ఉంటుందని మీకు తెలిసిన క్యాసెట్‌తో మొదలుపెట్టకండి. ఉత్త పాటలే ఉన్నవాటితో మూడు నాలుగు వారాలు చెయ్యి అలవాటు కానివ్వండి. ఒక్కో క్యాసెట్ పూర్తి కాగానే అట్ట రెండు వైపులా ఫొటో తీసి ఆ ఫైలు పక్కనే పెట్టండి. డబ్బా మార్చాల్సి వచ్చినా, ఆయన చేతిరాత ఉన్న కాగితం కొత్త డబ్బాలోకి రావాలి.